బొగ్గుదిబ్బ వెలుగు

సాయంత్రం అయిదు దాటి ఎండ చల్లబడేసరికి కొత్తరేవులోని శకలాల వీధి మొత్తం అరుగుల మీదికి వచ్చి కూర్చుంటుంది. మున్సిపాలిటీ వాళ్ళు ఆ వీధికి ఎవరో పెద్దమనిషి పేరు పెట్టి బోర్డు కూడా రాయించారు గాని, ఆ పేరు చెప్పి అడిగితే ఆ వీధిలో పుట్టినవాడు కూడా దిక్కులు చూస్తాడు. మొత్తం ముప్పై ఎనిమిది గడపలు. ప్రతి గడప పక్కనా గోడ గూట్లో బత్తాయికాయంత గాజుబుడ్డి, అందులో ఒక వెలుగు. కొన్ని ఇళ్ళలో ఆ వెలుగు కళ్ళు చెదిరేట్టు ఉంటుంది, కొన్నింట్లో ఓ మోస్తరుగా ఉంటుంది. వెంగమ్మ ఇంట్లో మాత్రం దగ్గరికెళ్ళి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే గాని ఉన్నట్టు తెలియదు.

"ఏం మే వెంగమ్మా, మీ ఆయన నిద్రపోతా ఉండాడా ఏంది? దీపం ఇంకా కళ్ళు తెరవలా?" అని ఎదురింటి కస్తూరమ్మ రోజూ అడిగే మాటే ఆ సాయంత్రమూ అడిగింది.

వెంగమ్మ నవ్వేసి ఊరుకుంది.  పెళ్ళయిన నాలుగో నెలలో మొగుడు మాల్యాద్రి పని కోసం ఆకాశం ఎక్కిపోయాడు. ఆ మనిషికి సంబంధించి ఈ ఇంట్లో కదిలేదీ మెదిలేదీ ఏదైనా ఉందంటే ఆ దీపమే. అది కూడా ఇలా ముక్కుతూ మూలుగుతూ ఉంటే ఆమె ఎవరితో చెప్పుకుంటుంది?

ఈ దీపాల సంగతేమిటో ముందు చెప్పాలి, లేకపోతే ఇదేదో అరుగుల మీది ఆడవాళ్ళ పోట్లాట కథలా కనిపిస్తుంది.

ఇది ఇంకో యాభై ఏళ్ళ తర్వాతి మాట. సూర్యుడి చుట్టూ గ్రహాలే కాదు, లక్షల కొద్దీ రాళ్ళు కూడా తిరుగుతున్నాయి. వాటిని గ్రహశకలాలంటారు. కొన్ని జిల్లా అంత ఉంటాయి, కొన్ని ఊరి బయటి గుట్టంత ఉంటాయి. వాటిలో నల్లగా ఉండే రకం రాతిలో నీళ్ళు ఇమిడి ఉంటాయి. ఆ రాతిని బాగా కాచితే నీళ్ళు బయటికొస్తాయి. ఆ నీళ్ళను విడగొడితే హైడ్రోజన్, ఆక్సిజన్. రాకెట్లకు అంతకన్నా మంచి ఇంధనం లేదు. రాయిని కాచి, ఉప్పునీళ్ళు రాబట్టి, ఉప్పు వేరు చేసి, మంచినీళ్ళను ట్యాంకుల్లో గడ్డ కట్టించే పనికి ఎవరు పనికొస్తారని వెతికితే, తరతరాలుగా ఉప్పుమడుల్లో బతికిన కొత్తరేవు మగవాళ్ళు కనిపించారు. అలా ఒక్కొక్కరే వెళ్ళారు. వాళ్ళు గ్రహశకలం అనే మాట నోరు తిరగక దిబ్బ అన్నారు. ప్రభుత్వం ఇచ్చిన నంబర్లు ఎవరికీ గుర్తులేవు గాని ఏనుగుదిబ్బ, ముత్యాలదిబ్బ, బొగ్గుదిబ్బ అంటే వీధిలో అందరికీ తెలుసు. కస్తూరమ్మ మొగుడు ఉన్నది ముత్యాలదిబ్బ మీద. తెల్లటి రాయి, నీళ్ళు లేవు, లోహం తవ్వుతారు. మాల్యాద్రి ఉన్నది బొగ్గుదిబ్బ మీద. పేరులోనే ఉంది దాని అందం.

ఊరి చివర పాత ఐస్ ఫ్యాక్టరీలో డాక్టర్ విశాలాక్షి ఆఫీసు పెట్టుకుంది. ఆమె వైద్యం చేసే డాక్టరు కాదు, గ్రహశకలాల వెలుగు కొలిచే డాక్టరు. ఆ తేడా తెలియక మొదట్లో జనం దగ్గుకీ కడుపునొప్పికీ మందు అడిగి, తిట్లు తిని వెనక్కి వచ్చారు. ఆమె టెలిస్కోపు భూమి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. ఒక దిబ్బను ఫొటో తీసినప్పుడు ఆ పక్కన కనిపించే నక్షత్రాలను కూడా కలిపి తీస్తుంది. ఆ నక్షత్రాల వెలుగు ఎంతో శాస్త్రజ్ఞులకు ముందే తెలుసు. తక్కెడలో ఒక పక్క రాళ్ళు వేసి రెండో పక్క సరుకు తూచినట్టు, తెలిసిన నక్షత్రాలతో పోల్చి తెలియని దిబ్బ వెలుగు తేలుస్తుంది. దీనికి ఫొటోమెట్రీ అని పేరు.

మొదట్లో దీపాలు లేవు, అంకెలే. ఆడవాళ్ళు రోజూ గుమ్మం దగ్గరికొచ్చి, "మావాళ్ళ దిబ్బ ఈ పూట కనపడిందా డాక్టరమ్మా?" అని అడుగుతుంటే, పోనీ పాపమని ఆమె గోడ మీద ఒక స్క్రీన్ పెట్టించి ప్రతి దిబ్బకూ ఆ రోజు వెలుగెంతో వేయించింది. ఈ శాస్త్రంలో ఏనాటినుంచో ఒక తిరకాసు ఉంది. బాగా వెలిగేదానికి చిన్న అంకె, మసగ్గా ఉండేదానికి పెద్ద అంకె. ఆ సంగతి చెప్పడం డాక్టరమ్మ మరిచిపోయింది. వీధి మొత్తంలో పెద్ద అంకె బొగ్గుదిబ్బది. వెంగమ్మ సంతోషం పట్టలేక సేమ్యా పాయసం కాచి ఇంటింటికీ పంచింది. అసలు సంగతి తెలిసిన రోజు కస్తూరమ్మ నవ్విన నవ్వు వీధి ఆ చివరిదాకా వినిపించింది. అంకెల గొడవ ఇక వద్దనుకుని డాక్టరమ్మ స్క్రీన్ తీసేసి, దీపాలు తయారుచేసింది. అక్కడ దిబ్బ ఎంత వెలిగితే ఇక్కడ దీపం అంత. పెంచడానికీ లేదు, తగ్గించడానికీ లేదు, అసలు స్విచ్చే లేదు. ఉన్నది ఉన్నట్టు చూపించే వస్తువు చేశానని ఆమెకు గర్వం.

అదిగో, ఆ దీపాన్నే మర్నాడు పొద్దున వెంగమ్మ తుండుగుడ్డలో చుట్టుకుని ఐస్ ఫ్యాక్టరీకి తీసుకెళ్ళింది.

"దీనికి ఏదో జబ్బు చేసింది డాక్టరమ్మా. చూడండి."

విశాలాక్షి దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏదో వైరు తగిలించి చూసింది. "దీపానికేం లోపం లేదమ్మా. బొగ్గుదిబ్బ అంతే వెలుగుతోంది."

"మరి కస్తూరమ్మక్కది?"

"కూర్చో, చెప్తాను. దిబ్బలకు సొంత వెలుగు ఉండదు. మీద పడ్డ ఎండనే తిప్పి పంపిస్తాయి. దిబ్బ సైజు అటుంచితే, అది మనకు ఎంత కనిపించాలనేది మూడింటి మీద ఆధారపడుతుంది. ఒకటి దూరం. మీవారి దిబ్బ ఇప్పుడు సూర్యుడికి అవతల పక్కన ఉంది, పది నెలల్లో మనకు దగ్గరికొస్తుంది, అప్పుడు కొంచెం పెరుగుతుంది. రెండోది ఎండ పడే కోణం. మూడోది నేల రంగు. ముత్యాలదిబ్బ మీద నూరు పాళ్ళు ఎండ పడితే నలభై పాళ్ళు తిరిగొస్తుంది. బొగ్గుదిబ్బ మీద నూరు పడితే నాలుగే వస్తుంది. మిగతా తొంభై ఆరూ అదే మింగేస్తుంది."

"అంటే పోలిక పెట్టడమే తప్పు కదమ్మా. ఒకరు దగ్గర, ఒకరు దూరం."

విశాలాక్షి ముచ్చటపడింది. కాలేజీ పిల్లలు కూడా అంత తొందరగా ఆ మాట అనరు. "అందుకే మేం లెక్కలో అన్ని దిబ్బలనూ ఒకే దూరంలో నిలబెట్టి చూస్తాం. నిజంగా కాదు, కాగితం మీద. అప్పుడు ఎవరి వెలుగు ఎంతో న్యాయంగా తేలుతుంది."

"అట్టా నిలబెట్టడం మీకు చేతనైతే," అంది వెంగమ్మ దీపాన్ని ఒళ్ళో పెట్టుకుని, "మా ఆయన్ని ఒక్క దినం మా గడపకాడ నిలబెట్టండి డాక్టరమ్మా. కాగితం మీదైనా సరే."

విశాలాక్షి టేబుల్ మీది కాగితాలు సర్దింది. వెంగమ్మే మళ్ళీ మాట కలిపింది.

"నలుపే కదా తంటా. మా ఇల్లు కూడా పొగచూరి నల్లగా ఉండేది, సున్నం కొట్టినాక ఎంత వెలుగొచ్చిందో. దిబ్బకు సున్నం కొడితే వెలగదా?"

"వెలగకేం! నాలుగో వంతు నేలకు కొట్టినా చాలు, ఇప్పుడున్న దానికి నాలుగింతలు వెలుగుతుంది," అని విశాలాక్షి పెద్దగా నవ్వింది. ఈవిడ దిగులు కాస్త తేలికపడాలని అన్న మాట అది. తన జీవితంలో లెక్కతప్పకుండా చెప్పిన జవాబులన్నిటిలోకీ దీని గురించే తర్వాత ఎక్కువ బాధపడాల్సి వస్తుందని ఆమెకు ఆ పూట తెలియదు.

దిబ్బల మీది వాళ్ళకు శుక్రవారం శుక్రవారం మాట పంపుకోవచ్చు. రెండు నిమిషాలు. ఇక్కడ మాట్లాడింది అక్కడికి చేరడానికి పావుగంటకు పైనే పడుతుంది గనుక ఒకరి మాటకు ఒకరు వెంటనే బదులు చెప్పుకునే వీలు లేదు. వెంగమ్మ ఆ రెండు నిమిషాల కోసం వారమంతా మాటలు పోగు చేసుకునేది. తీరా ఫోను పట్టుకోగానే సగం మరిచిపోయేది. ఆ శుక్రవారం మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు.

"మామా, నువ్వు బాగుండావా? నేను బాగుండా. మన దీపం మాత్రం బాగలేదు. వీధిలో అందరికన్నా మనదే మసక. డాక్టరమ్మను అడిగితే నీ దిబ్బ నలుపంట. సున్నం కొడితే వెలుగుద్దంట, ఆమే చెప్పింది. మీకాడ ఉప్పు మిగిలిపోతా ఉండాదని చెప్పినావు కదా, అది కూడా తెల్లగానే ఉంటాది కదా. నాకేం వొద్దు మామా. ఆ వెలుగు చూస్తే నిన్ను చూసినట్టు ఉంటాది. అంతే."

తర్వాతి శుక్రవారం మాల్యాద్రి గొంతు వచ్చింది. వెనకాల ఎవరో నవ్వుతున్నారు. "ఓసి పిచ్చిదానా, దీపం గురించి ఏడస్తా ఉండావా? ఈడ పన్నెండు మందిమి ఉండాం, మన వీధోణ్ణి నేనొక్కణ్ణే. నీ మాట అందరికీ వినిపించినా. ఒక్కొక్కడూ ఏమన్నాడో తెల్సా? దీపాలు లేకపొయ్యినా మా ఇంటికాడ కూడా ఇదే ఏడుపన్నాడు. ఉప్పు కుప్పలు కుప్పలుగా పడుండాది. ఆదివారం పనుండదు. చూస్తా ఉండు."

వెంగమ్మ ఆ మాటను పదిసార్లు విన్నది. చివరి రెండు మాటల దగ్గర అతను గొంతు కొంచెం తగ్గించి, ఆమెకొక్కదానికే చెప్తున్నట్టు అంటాడు. అక్కడికి రాగానే ఆమెకు ఒళ్ళంతా వేడెక్కేది.

మొదటి నెల ఏమీ కనిపించలేదు. రెండో నెలలో ఒకనాడు ఆమె వాకిలి ఊడుస్తుంటే గూట్లో ఏదో కదిలినట్టనిపించింది. దీపం నెమ్మదిగా పెరిగి, ఒక గంట అలా ఉండి, మళ్ళీ తగ్గింది. నాలుగు గంటల తర్వాత మళ్ళీ అలాగే. బొగ్గుదిబ్బ తన చుట్టూ తాను తిరగడానికి నాలుగు గంటలు పడుతుంది. ఉప్పు చల్లిన పక్క ఇటు తిరిగినప్పుడల్లా దీపం లేస్తోందన్న మాట. ఆమె చీపురు పక్కన పారేసి అక్కడే కూలబడింది. 'ఇప్పుడు ఇటు తిరిగినాడు' అనుకుంది. కాసేపటికి, 'అటు పొయ్యినాడు' అనుకుంది. ఆ రోజునుంచి ఆమె వంటా వార్పూ స్నానమూ అన్నీ ఆ నాలుగు గంటల లెక్కనే నడిచాయి. దీపం లేచే వేళకు మొహం కడుక్కుని, తల దువ్వుకుని, ఎదురుగా కూర్చునేది. అతనికి ఇదేమీ కనిపించదని తెలుసు. తెలిసినా దువ్వుకునేది.

ఆరో నెలకు వీధిలో దానికి సాటి లేదు. వెలుగు గూడు దాటి, గడప దాటి, మెట్ల మీద పడుతోంది. పక్క వీధుల వాళ్ళు కూడా చూడ్డానికొచ్చారు. కస్తూరమ్మ రెండు రోజులు అరుగు మీదికి రాలేదు. మూడో రోజు వచ్చి, "బాగుండాదిలే మే," అని మాత్రం అంది. వెంగమ్మ ఆ మాటకు ఎంత పొంగిపోయిందంటే, లోపలికెళ్ళి ఒంటరిగా నవ్వుకుంది. ఉప్పు సంగతి అడిగినవాళ్ళందరికీ దాచుకోకుండా చెప్పింది. ఎందుకు దాచుకోవాలి? ఇంకో నాలుగు నెలల్లో దిబ్బ భూమికి దగ్గరికొస్తుంది, ఓడ వెళ్తుంది, మనిషి ఇంటికొస్తాడు. ఈ లోపల తన సంతోషం నలుగురికీ పంచితే పోయేదేముంది?

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం విశాలాక్షి గబగబా నడుచుకుంటూ వచ్చింది. చేతిలో కాగితాల కట్ట.

"వెంగమ్మా, బొగ్గుదిబ్బ వెలుగు ఉండాల్సిన దానికి అయిదింతలుంది. మూడు వారాలుగా నాకు నిద్ర లేదు. ఏదన్నా రాయి వచ్చి కొట్టిందేమో, మీవాళ్ళకేమన్నా అయిందేమోనని భయపడుతున్నాను. మీ ఆయన మాటేమన్నా వచ్చిందా?"

"అయ్యో, దానికా డాక్టరమ్మా!" వెంగమ్మ మొహం విప్పారింది. "మీరు చెప్పిందే చేసినాం. సున్నం లేదు గాని ఉప్పు చల్లినారు. కూర్చోండి, మజ్జిగ తెస్తా."

విశాలాక్షి కూర్చోలేదు. దీపం వైపు చూసింది, చేతిలో కాగితం వైపు చూసింది. 

"ఎక్కడ చల్లారు?"

"వెనకపక్కనంట. రాయి కాగే నేలకు దూరంగానే చల్లినారంట. మా ఆయన ఉప్పుమడిలో పుట్టినాడమ్మా, ఆ మాత్రం తెలవదా?"

"ఉప్పుమడిలో చల్లిన ఉప్పు చల్లిన చోటే ఉంటుంది వెంగమ్మా. అక్కడ బరువనేది లేనట్టే. పిడికెడు విసిరితే అది తేలి తేలి, దిబ్బ చుట్టూ తిరిగి, ఎక్కడ దిగుతుందో ఎవరూ చెప్పలేరు. దిగిన చోట అంటుకుపోతుంది." ఆమె ఒక కాగితం విప్పి గీతలు చూపించింది. "ఇదిగో, మొదట్లో ఒక పక్కే లేచేది. ఇప్పుడు రెండో పక్క కూడా లేస్తోంది. కాగే నేల కూడా తెల్లబడింది."

"తెల్లబడితే?"

"నూటికి తొంభై ఆరు పాళ్ళు ఎండను మింగేస్తుందని చెప్పాను, గుర్తుందా? ఆ మింగిన ఎండతోనే అక్కడ రాయి కాగుతోంది. ఆ వేడితోనే నీళ్ళొస్తున్నాయి. నేల తెల్లబడితే ఎండ ఇటు వచ్చేస్తుంది. మనకు వెలుగు, వాళ్ళకు చలి." విశాలాక్షి కాగితం మడిచింది. "వాళ్ళను తీసుకురావడానికి వెళ్ళే ఓడ తిరుగు ప్రయాణానికి నీళ్ళు తీసుకెళ్ళదు. వాళ్ళు నింపిపెట్టిన ట్యాంకులే దానికి ఇంధనం. ట్యాంకులు నిండకపోతే ఓడ వెళ్ళి ప్రయోజనం లేదు. పంపించరు."

వెంగమ్మకు అర్థం కాకపోవడమేమీ లేదు. అంతా అర్థమైంది. గూట్లో దీపం అప్పుడే లేస్తోంది. గడప మీద, విశాలాక్షి చెప్పుల మీద, తన చేతుల మీద తెల్లటి వెలుగు పడింది. ఇన్నాళ్ళూ అతను ఇటు తిరిగాడనుకుని మురిసిపోయిన వెలుగు, అతని కింద నేలలోంచి లాగేసుకున్న వేడి. ఆ వెలుగు మీద పడుతుంటే చేతులు ఎక్కడ దాచుకోవాలో ఆమెకు తెలియలేదు.

శుక్రవారం మాల్యాద్రి మాట వచ్చింది. ఈసారి వెనకాల ఎవరూ నవ్వడం లేదు. "వెంగమ్మా, ట్యాంకులు సగమే నిండినాయి. ఈ తూరి ఓడ రాదంట. మళ్ళా దిబ్బ దగ్గరికొచ్చే దాకా ఆగాల, రెండు సంవత్సరాల ఎనిమిది నెలలు. ఉప్పు గీకుదామంటే గీకేకొద్దీ లేచి మళ్ళా ఆడే పడతా ఉండాది. తిండికీ గాలికీ కొదవ లేదు, దానికేం భయం లేదు. నీ తప్పేం లేదు. చల్లింది మేమే కదా." అతను ఇంకా ఏదో అనబోయాడు. రెండు నిమిషాలు అయిపోయాయి.

ఆమె ఏడ్చిన ఏడుపు సంగతి చెప్పను. ఎవరి ఏడుపు వాళ్ళకే తెలుసు. కాని ఏడుస్తూ ఏడుస్తూ బయటికి చూసినప్పుడు, ఆమెకు ఇంకో సంగతి తట్టింది. వరసగా ఏడెనిమిది ఇళ్ళ దీపాలు. వారం కిందట ఓ మోస్తరుగా ఉన్నవి. ఇప్పుడు కొంచెం కొంచెంగా పెరుగుతున్నాయి.

ఏనుగుదిబ్బ వాళ్ళింటికి పరిగెత్తింది. అవును, మేమూ చెప్పినాం, మొన్న ఆదివారమే మొదలుపెట్టినారన్నారు. ఆ పక్కింటివాళ్ళూ అంతే. లెక్క తీస్తే పదకొండు నల్లదిబ్బలు. వెంగమ్మ గడప గడపా తిరిగింది. "చల్లొద్దని చెప్పండి. మనోళ్ళు రారు. నీళ్ళు నిండవు. మా ఆయన రావడం లేదు, ఇదిగో మాట వినండి," అని ఫోను చేతిలో పెట్టింది. విన్నారు. అయ్యో అన్నారు. ఆమె వెనక్కి తిరగగానే, "తన దీపానికి పోటీ వస్తాదని గాభరా," అని ఒకావిడ పక్కావిడతో అన్న మాట ఆమె చెవిన పడనే పడింది. విశాలాక్షి కూడా వచ్చి అందరినీ కూర్చోబెట్టి, నల్లగుడ్డా తెల్లగుడ్డా ఎండలో పెట్టి, రెండూ ముట్టుకోమని చూపించింది. అందరూ ముట్టుకున్నారు. "అట్టాగేలే డాక్టరమ్మా," అన్నారు. ఆ ఆదివారం దీపాలు ఇంకొంచెం పెరిగాయి. విశాలాక్షి పైవాళ్ళకు ఉత్తరం రాస్తే, పరిశీలనలో ఉందని జవాబొచ్చింది.

సోమవారం పొద్దున్నే వెంగమ్మ ఐస్ ఫ్యాక్టరీ తలుపు తట్టింది.

"నా దీపం ఆర్పెయ్యండి డాక్టరమ్మా."

విశాలాక్షి ఉలిక్కిపడింది. "అదేం మాట?"

"ఉప్పు చల్లిన దిబ్బల్లో మాదే మొదటిది. దాని దీపమే ఆరిపొయ్యిందంటే ఇంకెవరూ చల్లరు."

"అది అబద్ధం కదమ్మా. అక్కడ దిబ్బ వెలుగుతోంది. నా దీపం ఎన్నడూ..."

"ఆరిపొయ్యిన దీపం ఏం చెప్తాదమ్మా? చూసేవాళ్ళే చెప్పుకుంటారు."

"నీకు అదొక్కటే కదా ఉన్నది," అంది విశాలాక్షి.

వెంగమ్మ కళ్ళు తుడుచుకుని కంప్యూటర్ వైపు చూపించింది. విశాలాక్షి ముప్పై ఎనిమిది దీపాల పట్టీ తెరిచి, ఒకదాని మీద వేలు పెట్టి, నొక్కింది. అంతే పని. చెయ్యడానికి ఒక్క క్షణం పట్టింది.

సాయంత్రానికి వీధి గగ్గోలెత్తింది. కస్తూరమ్మ చెంబు ఎక్కడ పారేసిందో తెలియకుండా పరిగెత్తుకొచ్చి వెంగమ్మను వాటేసుకుని బావురుమంది. రోజూ ఎత్తిపొడిచిన మనిషి అంత ఏడుస్తుందని వెంగమ్మ ఎన్నడూ అనుకోలేదు. ఎవరో ముసలావిడ వెంగమ్మ మెడ వైపు చూడబోతే కస్తూరమ్మ కసిరింది. "ఏం తెలిసిందని ఆ చూపులు? ఎక్కడోళ్ళక్కడ పోండి!"

"మనిషి బాగుండాడక్కా," అంది వెంగమ్మ. ఆ అబద్ధం మాత్రం ఆమె ఒక్క పూట కూడా మొయ్యలేకపోయింది. "మాట వస్తానే ఉండాది. దీపమే పొయ్యింది. ఉప్పు చల్లినాక ఇట్టయ్యింది."

మనిషి బాగున్నాడన్న మాట వీధికి అక్కర్లేకపోయింది. దీపం కొండెక్కిందన్న మాటే చాలింది. మగవాళ్ళు ఇంటికి రారని నెత్తీ నోరూ కొట్టుకుని చెబితే వినని వీధి, దీపం పోతుందనగానే విన్నది. శుక్రవారం దాకా ఆగకుండా, అత్యవసర వరసలో పదకొండు దిబ్బలకూ మాటలు వెళ్ళాయి. చల్లొద్దు, చల్లింది చాలు, ఎక్కడిదక్కడ ఆపేయండి. కొద్దిగా చల్లిన ఉప్పు కాబట్టి పెద్ద నష్టం జరగలేదు. ఆ తర్వాత నాలుగో నెల నుంచి ఓడలు ఒక్కొక్కటే దిగడం మొదలైంది. ఏనుగుదిబ్బవాళ్ళు వచ్చారు. మిగతావాళ్ళూ వరసలో ఉన్నారు. ఒక్కో ఇంట్లో మనిషి రాగానే ఆ ఇంటివాళ్ళు దీపాన్ని పట్టించుకోవడం మానేసేవారు. దాని మీద దుమ్ము పడేది. ఒకాయన దానిలో మేకులు పోసి పెట్టుకున్నాడు.

వెంగమ్మ మాత్రం తన దీపం వెలిగించమని అడగడానికి లేదు. వెలిగితే మళ్ళీ ఉప్పు మొదలవుతుంది. కొత్తగా వెళ్తున్నవాళ్ళున్నారు, వాళ్ళ పెళ్ళాలున్నారు. ఇంకా రెండేళ్ళ మాట. అలవాటు కొద్దీ నాలుగు గంటలకోసారి లేచి మొహం కడుక్కునేది. గూటి ముందు కూర్చున్నాక గుర్తొచ్చేది.

ఒక శుక్రవారం మాల్యాద్రి ఇలా మాట్లాడాడు.

"వెంగమ్మా, ఈడ చానా చలిగా ఉండాది. రాయి మెల్లగా కాగతా ఉండాది, నీళ్ళు చుక్క చుక్కే వస్తా ఉండాయి. అయినా నాకేం దిగుల్లేదు. రాత్రిపూట పడుకునే ముందర బయటికి చూస్తే దిబ్బంతా తెల్లగా, వెన్నెల కాసినట్టు ఉంటాది. ఇదంతా మా ఇంటికాడ గూట్లో కనపడతా ఉంటాది కదా అనుకుంటా. నేను రాకపొయ్యినా అదన్నా నీ ముందర ఉండాదని ఒకటే తృప్తి. మన దీపం ఎట్టుండాది వెంగమ్మా? నీకు చాలినంత వెలుగుతా ఉండాదా?"

ఆమె ఫోను పట్టుకుని గూటి ముందర కూర్చుంది. రెండు నిమిషాల్లో ఒకటిన్నర అలాగే గడిచిపోయింది. అవతల అతనికి ఆ నిశ్శబ్దం కూడా చేరుతుంది, పావుగంట తర్వాత. ఎదురింట్లో కస్తూరమ్మ ఎవరినో పిలుస్తోంది. గూట్లో గాజుబుడ్డి నల్లగా ఉంది, అందులో ఆమె మొహమే చిన్నగా కనిపిస్తోంది.

"చానా బాగుండాది మామా," అంది వెంగమ్మ. "ఇల్లంతా నువ్వే ఉండావు. ఇంక ఉప్పు మాత్రం చల్లొద్దు. ఇంతకన్నా వెలిగితే చూడలేను."